గ్లైడరే గదా యనువారికి

మోటారు గ్లైడరు నడపదలచిన వైమానికుడు ప్రొపెల్లరు రెక్కల పిచ్‌ను, అనగా వాటి వాలును, మార్చు విద్యను ప్రత్యేకముగా నభ్యసింప నక్కఱలేదనియు, అది విమానము గాక గ్లైడరే కావున సొంత ఇంజనుతో ఎగయుటకు శిక్షకుడిచ్చు సెల్ఫ్‌లాంచ్ ఎండార్స్‌మెంటు ఒక్కటియే చాలుననియు అమెరికా గ్లైడింగు క్లబ్బులలో తఱచుగా వినవచ్చు వాదము. దీనికి చట్టములో ఆధారము గలదు, యుక్తిలో లేదు.

అచటి ఫెడరల్ వైమానిక నిబంధనలలోని 61.31వ విభాగము, ముడుచుకొను చక్రములు, ఫ్లాపులు, పిచ్ మార్చదగిన ప్రొపెల్లరు అను మూడును గల 'కాంప్లెక్స్' విమానమును నడుపువాడు ముందుగా శిక్షకునివద్ద అభ్యసించి లాగ్‌బుక్కులో ఆతని సంతకము పొందవలెనని విధించుచున్నది. అయితే ఆ విధి విమానవర్గమునకే పరిమితము. గ్లైడరు వేఱొక వర్గము. జర్మనీలో నిర్మింపబడిన స్టెమ్మె ఎస్10-విటి యందు 115 అశ్వశక్తుల టర్బో ఇంజనుతోపాటు ఆ మూడు లక్షణములును ఉన్నను, 23 మీటర్ల రెక్కలు గల ఆ యంత్రము గ్లైడరుగా పరిగణింపబడుచున్నందున, స్థిరపిచ్ ప్రొపెల్లరు గల యేదో యొక చిన్న మోటారు గ్లైడరుపై సెల్ఫ్‌లాంచ్ సంతకము సంపాదించినవాడు, పిచ్ లీవరును ఎన్నడును తాకియుండకపోయినను, దానిని నడుపుటకు ఈ విభాగము అడ్డురాదు. బీమా కంపెనీవారు శిక్షణ పత్ర మడుగవచ్చును. అది తమ ధనమును కాపాడుకొను వర్తకుల జాగ్రత్త యగునే గాని వైమానికుని ప్రాణమును కాపాడు శాసనము గాదు.

గ్రోబ్ 109, డిమోనా వంటి యంత్రములయందు కానవచ్చు హాఫ్‌మన్ ప్రొపెల్లరునకు మూడు స్థితులు గలవు: ఎగయుటకు ఒకటి, దూరయానమునకు మఱొకటి, ఇంజను నాపి తేలునపుడు రెక్కల నంచులను గాలికి ఎదురుగా నిలుపు ఫెదర్ స్థితి మూడవది. దూరయానస్థితిలో దిగిన వైమానికుడు లీవరును మరల్చుట మఱచి పచ్చికబయలునుండి మరల ఎగయబూనెనేని ఏమి జరుగునో చూడుడు. ఎక్కువ గేరులో మిట్ట నెక్కజూచు మోటారుబండివలె ఇంజను మూల్గును. థ్రాటిలు పూర్తిగా తెఱచినను, ఇంజను చుట్లను చూపు టాకోమీటరు ముల్లు చేరవలసిన గీతను చేరదు. చుట్లు తగ్గినకొలది శక్తియు తగ్గును. 80 అశ్వశక్తులు మాత్రమే గల లింబాఖ్ ఇంజనునకు ఈ లోటు తీర్చుకొనగల మిగులుబల మెక్కడిది? వేగమాపకపు ముల్లు మెల్లమెల్లగా పైకెక్కుచుండగా బయలు కొసనున్న చెట్లు మాత్రము వేగముగానే దగ్గఱకు వచ్చుచుండును. గ్లైడరు వైమానికులు ఇంజను లేకుండ దిగుటలో నిపుణులు గదా యని ప్రతివాదులు సమాధానము చెప్పుదురు. ఆ నైపుణ్యము సత్యమే. కాని దానికి ఎత్తు కావలెను, చెట్లతలల మట్టమున ఆ ఎత్తు లేదు.

విమానమునకు సంబంధించిన కాంప్లెక్స్ సంతకమున్న చాలునను మఱియొక పక్షమును నేను సమ్మతింపను. ఆ శిక్షణ పొందినవానికి, చమురు పీడనముతో చుట్లను తానే సరిదిద్దు గవర్నరు తెలియును. ఒంటి ఇంజను విమానములలో ఫెదర్ స్థితి సాధారణముగా నుండదు. ఆకాశమున ఇంజను నిలిచిపోవుట ఆతనికి ఆపద. మోటారు గ్లైడరు నడుపువాడో, వేడి గాలి దొరకినంతనే బుద్ధిపూర్వకముగా ఇంజను నాపును: ముందు దానిని చల్లబఱచి, మంట నార్పి, ప్రొపెల్లరును ఫెదరు చేయును, వేడి గాలి తఱిగినపుడు రెక్కలను ఆ స్థితినుండి విడిపించి ఇంజనును మరల రగిలించును. ఈ క్రమములో ఒక మెట్టు తప్పినచో, తప్పు ఎచ్చట జరిగెనో వెదకుకొనుచుండగనే యంత్రము క్రిందికి జాఱుచుండును. ఆ వేళ మాన్యువలు చదివిన జ్ఞాపకము కంటె చేతికి పట్టుబడిన అభ్యాసమే అక్కఱకు వచ్చును.

విమానముల నిబంధనను తెచ్చి గ్లైడరులకు అంటగట్టుమని నేను కోరుట లేదు. ఏ యంత్రమును నడుపనున్నాడో ఆ యంత్రమునందే శిక్షకుడు ప్రక్కన గూర్చుండి, నేలమీద తప్పు పిచ్‌లో పూర్ణశక్తి నిచ్చి టాకోమీటరు ముల్లు ఎచ్చట ఆగునో కన్నులార చూపవలెను. ఏరోడ్రోముమీద సురక్షితమగు ఎత్తున ఇంజను నాపించి, ఫెదరు చేయించి, తిరిగి రగిలింపజేసి, అందులో ఎంత ఎత్తు ఖర్చగునో శిష్యునిచేతనే లెక్కింపజేయవలెను. అటుపిమ్మట లాగ్‌బుక్కులో ఆ ప్రొపెల్లరు పేరుతో సంతకము చేయవలెను. ఇందుకు చట్టము మారువఱకు వేచియుండ నక్కఱలేదు. ఆ సంతకము లేనివానికి తన మోటారు గ్లైడరు నీయబోమని ఏ క్లబ్బైనను రేపటినుండియే నిర్ణయించుకొనవచ్చును.