సీసాపై రెండు అంకెలు

విజ్ఞాన శాస్త్రం పరీక్షలలో ఉత్తీర్ణులగుటకే కాక ప్రాణరక్షణకు కూడా ఉపకరించవలెనని మేము విశ్వసిస్తున్నాము. బాష్ప పీడనాన్ని గూర్చి పాఠ్యగ్రంథాలలో చదువుతున్నాము. లెక్కలు కట్టి మార్కులు పొందుతున్నాము. కాని ఆ అంకెకు మన ఊపిరితో సంబంధమున్నదని తలచేవారు అరుదు.

మూత తీసిన అత్తరు సీసా కొద్దిసేపటిలో గదినంతా పరిమళభరితం చేస్తుంది. ద్రవం నుండి అణువులు ఇట్లు గాలిలోకి వెలువడే ప్రవృత్తికి కొలత బాష్ప పీడనం. దానిని వాతావరణ పీడనమైన 760 మిల్లీమీటర్లతో భాగించి పదిలక్షలతో హెచ్చవేస్తే, మూసియున్న గదిలో పదిలక్షల పాళ్ల గాలికి ఆ ఆవిరి గరిష్ఠంగా ఎన్ని పాళ్లు చేరగలదో తెలుస్తుంది. ఆ ఫలితాన్ని ఆరోగ్య నిపుణులు నిర్ణయించిన పరిమితితో భాగిస్తే అపాయం ఎంతటిదో బోధపడుతుంది.

ఇథైల్ ఆల్కహాలు 78 డిగ్రీల వద్ద, బెంజీన్ 80 డిగ్రీల వద్ద మరుగుతాయి. చూపునకు రెండూ నీటివంటివే. 20 డిగ్రీల వద్ద వాటి బాష్ప పీడనాలు వరుసగా 44, 75 మిల్లీమీటర్లు. అనగా గాలిలో చేరగల ఆవిరి సుమారు 58,000 పాళ్లు, 99,000 పాళ్లు. అమెరికా కార్మిక భద్రతా నియమాలు ఎనిమిది గంటల పనికి అనుమతించినది మొదటిదానికి 1,000 పాళ్లు, రెండవదానికి కేవలం ఒక పాలు. మొదటిది పరిమితిని 58 రెట్లు మించగలిగితే, రక్తపు క్యాన్సరుకు కారణమయ్యే బెంజీన్ 99,000 రెట్లు మించగలదు. మరుగు స్థానం ఒక్కటే చూచి నిర్భయంగా ఉండరాదనుటకు ఇంతకన్న నిదర్శనమేల?

ఉర్దూ మిత్రులు ‘పారా’ అనే పాదరసం మరొక పాఠం నేర్పుతుంది. దాని బాష్ప పీడనం 0.0012 మిల్లీమీటర్లే. అయినను మూసిన గదిలో ఘనమీటరు గాలికి 13 మిల్లీగ్రాముల ఆవిరి చేరగలదు. అమెరికా పారిశ్రామిక ఆరోగ్య నిపుణులు సూచించిన పరిమితి 0.025 మిల్లీగ్రాములు, ఇది దానికి 500 రెట్లకు పైబడినది. రంగు లేదు, వాసన లేదు. పగిలిన థర్మామీటరు నుండి బల్ల సందులలోకి జారిన బిందువు నెలల తరబడి విషాన్ని వెలువరిస్తూనే ఉంటుంది. పైగా ఈ అంకెలు 20 డిగ్రీలవి. మన వేసవిలో ప్రయోగశాల 40 డిగ్రీలకు చేరినపుడు పాదరసపు బాష్ప పీడనం సుమారు అయిదు రెట్లగుతుంది.

ఉష్ణం చేసే కీడు ఆంధ్రులకు తెలియనిది కాదు. స్టైరీన్ 145 డిగ్రీల వద్ద గాని మరగదు. 20 డిగ్రీల వద్ద దాని బాష్ప పీడనం 5 మిల్లీమీటర్లే. అట్టి ద్రవం 2020 మే 7వ తేదీ వేకువజామున విశాఖపట్నం చెంత నిల్వ ట్యాంకులో తనంతట తాను వేడెక్కి, ఆవిరై వెలువడి, కనీసం 12 మందిని బలిగొన్నది.

ఈ లెక్కకు హద్దులు లేకపోలేదు. ఇది మూసిన గదికి చెందిన గరిష్ఠ పరిమాణం. గాలి ఆడే చోట అపాయం తగ్గుతుంది. ధూళికి, తుంపరలకు ఇది వర్తించదు. గంధకికామ్లపు బాష్ప పీడనం అత్యల్పమైనను దాని తుంపర ఊపిరితిత్తులను దహించగలదు. అయినను ఏ సీసాను ఎక్కడ తెరవవలెనో నిర్ణయించుటకు ఇంతకన్న సులభమైన సాధనం లేదు.

కావున కళాశాల పాలకవర్గానికి మా విన్నపం: ప్రయోగశాలలో ప్రతి ద్రవపు సీసాపై బాష్ప పీడనం, అనుమతి పరిమితి అనే రెండు అంకెలు తెలుగు, ఉర్దూ లిపులలో వ్రాయించవలెను. ఫ్యూమ్ కప్‌బోర్డు పాత సీసాలు దాచే బీరువా కారాదు; దాని పంకా తిరగవలెను. బెంజీన్ బదులు టోలుయీన్, పాదరసపు థర్మామీటరు బదులు ఆల్కహాలు థర్మామీటరు సరిపోయే చోట వాటినే వాడవలెను. దీనికయ్యే వ్యయం స్వల్పం.

విద్యార్థి మిత్రులారా! వాసన రానంత మాత్రాన అపాయం లేదని భ్రమింపకుడు. మూత తీయుటకు ముందు ఒక్క నిమిషం లెక్క కట్టుడు. నేర్చిన విద్యకు అంతకన్న సార్థకత లేదు.