నిద్రలో ఉన్న పిల్లి చెప్పిన సాక్ష్యం

పుట్టుగుడ్డి బిడ్డకు ఏడెనిమిదేళ్ళు దాటితే శస్త్రచికిత్స చేసినా వ్యర్థమేనన్న మాట మనవైపు ఇప్పటికీ వినిపిస్తూనే ఉంది. ఇందుకు దన్నుగా చూపేది డేవిడ్ హ్యూబెల్, టోర్‌స్టెన్ వీజెల్ పిల్లులపై చేసిన పరిశోధనలను. 1981లో వారికి దక్కిన నోబెల్ బహుమతి న్యాయమైనదే. నా పేచీ వారితో కాదు, వారి ఫలితాన్ని తీర్పుగా మార్చి పసివారి నెత్తిన మోపేవారితో.

అసలు జరిగిందేమిటి? పిల్లికూనల ఒక కంటి రెప్పలు కుట్టి, కొన్ని నెలల తరువాత థయోపెంటాల్ అనే బార్బిట్యురేట్ మత్తుమందిచ్చి, మెదడులోని దృశ్యప్రాంతపు కణాలను ఒక్కొక్కటిగా పరీక్షించారు. మూసిన కంటికి పలికే కణాలు దాదాపు కనబడలేదు. నాలుగు వారాల నుండి మూడు నెలల వరకు గల వయస్సే కీలకమని 1970లో తేల్చారు.

ఇందులో మూడు సంగతులు మరుగున పడ్డాయి.

మొదటిది: బార్బిట్యురేట్లు మెదడులో గాబా అనే నిరోధక రసాయనానికి బలం చేకూరుస్తాయి. 1976లో డఫీ బృందం ఆ గాబానే అడ్డుకొనే బైక్యుకులిన్ ఇవ్వగా, మూగవనుకున్న కణాలలో అనేకం మూసిన కంటికి బదులు పలికాయి. అంటే దారి పూర్తిగా తెగిపోలేదు, కొంతైనా అణగి ఉంది. అంతా మత్తు మహిమేనని నేననను. మేలుకొన్న పిల్లులు కూడా ఆ కంటితో చూడలేకపోయాయి. కానీ నిద్రలోని మౌనాన్ని మరణమని చదవరాదు.

రెండవది: ఇది ఒంటికంటి లెక్క. రెండు కళ్ళూ మూస్తే కణాల నష్టం అనుకున్నంత లేదని 1965లో వారే వ్రాశారు. రెండు కళ్ళలోనూ పుట్టుశుక్లాలున్న బిడ్డకు ఒంటికంటి లెక్క ఎట్లా కడతారు?

మూడవది: బిడ్డ పిల్లికూన కాదు. పవన్ సిన్హా చేపట్టిన ప్రాజెక్ట్ ప్రకాశ్ ద్వారా మనదేశంలోనే ఎనిమిది నుండి పదిహేడేళ్ళ పిల్లలకు చికిత్స జరిగింది. తాకి ఎరిగిన వస్తువును వారు చూసి వెంటనే గుర్తించలేకపోయారు, కొద్ది రోజులలోనే నేర్చుకున్నారని 2011లో ప్రకటించారు. చూపు పరిపూర్ణం కాలేదు, నిజమే. కానీ శూన్యానికీ అసంపూర్ణానికీ నడుమ ఒక జీవితమంత దూరముంది.

ఆలస్యం అమృతం విషం. శుక్లాలు తొలినెలల్లోనే తీయించాలి, సందేహం లేదు. కానీ ఆలస్యమయ్యిందని తలుపు మూసేయడం శాస్త్రం కాదు, సోమరితనం. పేదవాడి బిడ్డే సాధారణంగా ఆలస్యంగా వస్తాడు. వానికి పరీక్ష చేయకముందే తీర్పు చెప్పే అధికారం మనకెవరిచ్చారు?