ఓడి తెచ్చుకోలేని ఆటగాళ్లు

2019 నుంచి 2025 దాకా అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ ఏడుసార్లు ఎంవీపీ, అంటే సీజన్‌లో అత్యుత్తమ ఆటగాడి పురస్కారం ఇచ్చింది. యానిస్ అడెటోకున్‌బోకు రెండు, నికోలా యోకిచ్‌కు మూడు, జోయెల్ ఎంబీడ్‌కు ఒకటి, షేయ్ గిల్జియస్ అలెగ్జాండర్‌కు ఒకటి. కొత్త ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో యానిస్ 15వ వాడు, యోకిచ్ 41వ వాడు, షేయ్ 11వ వాడు. మొదటి పదిమందిలో ఎంపికైనది మూడో స్థానపు ఎంబీడ్ ఒక్కడే. అంటే ఏడింటిలో ఆరు పురస్కారాలు మొదటి పది జట్లు వద్దనుకున్నవాళ్లకే వెళ్లాయి. డ్రాఫ్ట్‌లో మొట్టమొదట ఎంపికైన ఆటగాడు ఎంవీపీ అయింది చివరిసారిగా 2013లో, లెబ్రాన్ జేమ్స్. ఆ తర్వాత 2025 దాకా పన్నెండు పురస్కారాలు ఇచ్చారు. వాటిలో ఒక్కటి కూడా నంబర్ వన్ ఎంపికకు దక్కలేదు.

ఈ లెక్క రహస్యమేమీ కాదు. అయినా ఏటా ఫిబ్రవరి దాటేసరికి అమెరికా క్రీడా వ్యాఖ్యాతలు అదే పాట ఎత్తుకుంటారు. ఫలానా జట్టు ఈ సీజన్‌ను వదిలేసుకోవాలి, అనుభవమున్నవాళ్లను అమ్మేయాలి, వీలైనన్ని మ్యాచ్‌లు ఓడిపోవాలి, డ్రాఫ్ట్ వంతులు తేల్చే లాటరీలో మొదటి ఎంపిక కోసం వరుసలో నిలబడాలి అని. దానికి ‘పునర్నిర్మాణం’ అని గౌరవమైన పేరు కూడా పెట్టారు. టికెట్ కొని స్టేడియానికి వచ్చిన మనిషికి ఓటమిని అమ్మడమే అందులో జరిగే పని. ఆ ఓటమితో జట్టుకు దక్కేది కూడా పెద్దగా ఏమీ లేదు.

లాటరీ సంగతే చూడండి. అందరికంటే అధమ జట్టుకు మొదటి ఎంపిక దక్కే అవకాశం ఒకప్పుడు 25 శాతం. 2019 నుంచి దాన్ని 14 శాతానికి తగ్గించి, అడుగునున్న మూడు జట్లకూ సమానంగా ఇచ్చారు. అప్పటి నుంచి 2025 దాకా ఏడు లాటరీలు జరిగితే, అతి తక్కువ మ్యాచ్‌లు గెలిచిన జట్టుకు నంబర్ వన్ ఒక్కసారీ రాలేదు. 2023లో డెట్రాయిట్ 17 గెలిచి 65 ఓడింది, ఐదో స్థానానికి జారింది. మరుసటి ఏడాది 14 గెలిచి 68 ఓడింది, మళ్లీ ఐదో స్థానమే. ఆ సీజన్‌లో ఆ జట్టు వరుసగా 28 మ్యాచ్‌లు ఓడిపోయిన సంగతి ఆ నగరం మరిచిపోయి ఉండదు. 2025లో యూటా వంతు వచ్చింది. ఆరోగ్యంగా ఉన్న ఆటగాణ్ని బెంచీ మీద కూర్చోబెట్టినందుకు లీగ్ లక్ష డాలర్ల జరిమానా వేసింది, జట్టు 65 మ్యాచ్‌లు ఓడింది, లాటరీలో ఐదో స్థానం దక్కింది. అదే లాటరీలో 1.8 శాతం అవకాశమున్న డాలస్‌కు మొదటి ఎంపిక వెళ్లింది. డాలస్ వాళ్లు కూపర్ ఫ్లాగ్‌ను తీసుకున్నారు.

సరే, ఓడిన జట్టుకు మంచి స్థానమే దక్కిందనుకుందాం. అప్పుడైనా సరైన ఆటగాణ్ని పట్టుకుంటున్నారా? దీనికి శాక్రమెంటో కింగ్స్ చరిత్ర చదివితే చాలు. 2006 తర్వాత ఆ జట్టు వరుసగా 16 సీజన్లు ప్లేఆఫ్స్ ముఖం చూడలేదు, లీగ్ చరిత్రలో అంత పొడవైన కరువు మరో జట్టుకు లేదు. అన్నేళ్లు ఓడిన జట్టుకు దాదాపు ఏటా పైస్థానాల ఎంపికలు వస్తూనే ఉన్నాయి. 2009లో నాలుగో స్థానంలో టైరీక్ ఎవాన్స్‌ను తీసుకుంది, స్టెఫెన్ కరీ ఏడో స్థానంలో గోల్డెన్ స్టేట్‌కు వెళ్లాడు. 2011లో పదో స్థానపు జిమర్ ఫ్రెడెట్‌ను తెచ్చుకుంది. వెంటనే తర్వాతి పేరు క్లే థాంప్సన్, మరో మూడు పేర్ల తర్వాత కవాయ్ లెనర్డ్. 2012లో ఐదో స్థానంలో థామస్ రాబిన్సన్, ఆరో స్థానంలో డేమియన్ లిలార్డ్. 2013లో ఏడో స్థానంలో బెన్ మెక్‌లెమోర్‌ను తీసుకున్నప్పుడు యానిస్ ఇంకా జాబితాలోనే ఉన్నాడు. 2015లో ఆరో స్థానంలో విలీ కాలీ స్టైన్‌ను తీసుకుంటే, డెవిన్ బుకర్ పదమూడో స్థానం దాకా మిగిలాడు.

2018 మరీ బాధపెట్టే ఏడాది. అప్పటికే జట్టు ప్రధాన యజమాని ముంబైలో పుట్టిన వివేక్ రణదివే, ఎంపికలు చూసేది మాజీ ఆటగాడు వ్లాదే దివాచ్. శాక్రమెంటోది రెండో స్థానం. లూకా దోంచిచ్ అప్పటికి పందొమ్మిదేళ్లవాడు. రియల్ మాడ్రిడ్‌కు యూరోలీగ్ టైటిల్ గెలిపించి, ఆ టోర్నీ ఎంవీపీ కూడా అయి వచ్చాడు. యూరప్‌లో పెద్దవాళ్ల మధ్య గెలిచి చూపించిన కుర్రాణ్ని పక్కనపెట్టి, కాలేజీలో ఒక్క ఏడాది ఆడిన మార్విన్ బాగ్లీని శాక్రమెంటో ఎంచుకుంది. అంతకుముందే ఫీనిక్స్ మొదటి స్థానంలో డిఆండ్రే ఏటన్‌ను తీసుకుంది. దోంచిచ్ కాళ్లలో వేగం లేదని, ఎగరలేడని అప్పట్లో రాసిన రాతలు ఇప్పటికీ దొరుకుతాయి. అదే రాత్రి పదకొండో స్థానంలో షేయ్ ఉన్నాడు, రెండో రౌండులో 33వ స్థానం దాకా జేలెన్ బ్రన్సన్ ఉన్నాడు. అన్నేళ్ల ఓటములతో సంపాదించిన రెండో స్థానం కంటే పదకొండో స్థానమే విలువైనదైంది.

అదే శాక్రమెంటోకు 2020లో పన్నెండో స్థానంలో టైరీస్ హాలిబర్టన్ దొరికాడు. 2022లో ఇండియానాకు ఇచ్చేసింది. 2025లో అతను ఇండియానాను ఫైనల్స్ దాకా తీసుకెళ్లాడు. ఓడి సంపాదించుకున్న పైస్థానాలు వృథా అయ్యాయి, మధ్యలో దొరికిన మంచి ఆటగాడు చేతిలో నిలవలేదు.

ఓటమి పథకానికి పెద్ద దేవాలయం ఫిలడెల్ఫియా. 2013 నుంచి మూడు సీజన్లలో శామ్ హింకీ నడిపిన ఆ జట్టు 246 మ్యాచ్‌లాడి 47 గెలిచింది. చివరిదైన 2015-16లో 10 గెలిచి 72 ఓడింది. ప్రతిఫలంగా వచ్చినవాళ్లలో ఎంబీడ్ గొప్ప ఆటగాడే, ఆ ఏడింటిలో మిగిలిన ఒక్కటి అతనిదే. కానీ గాయాలతో మొదటి రెండు సీజన్లు కోర్టులోనే దిగలేదు. 2015లో మూడో స్థానంలో తీసుకున్న జాలిల్ ఓకాఫర్ నిలవలేదు. 2016 నంబర్ వన్ బెన్ సిమన్స్‌తో జట్టు చివరికి తెగతెంపులు చేసుకుంది. 2025 దాకా చూసినా ఎంబీడ్ ఉన్న ఫిలడెల్ఫియా రెండో రౌండు దాటలేదు.

2017లో జరిగిన ఒక లావాదేవీ ఒక్కటే చాలు, ఈ వాదన ఎంత బోలుదో చెప్పడానికి. ఆ ఏడాది తూర్పు విభాగంలో బోస్టన్‌దే అగ్రస్థానం. అయినా దాని చేతిలో నంబర్ వన్ ఎంపిక ఉంది, 2013లో బ్రూక్లిన్‌తో చేసుకున్న మార్పిడి పుణ్యమది. బోస్టన్ ఆ నంబర్ వన్‌ను ఫిలడెల్ఫియాకు ఇచ్చేసి, మూడో స్థానంతో పాటు మరో మొదటి రౌండు ఎంపిక పుచ్చుకుంది. ఫిలడెల్ఫియా మార్కెల్ ఫుల్ట్జ్‌ను తీసుకుంది, బోస్టన్ జేసన్ టేటమ్‌ను తీసుకుంది. ఫుల్ట్జ్‌ను భుజం గాయం దెబ్బతీసింది, 2019లో ఓర్లాండోకు పంపేశారు. టేటమ్ 2024లో టైటిల్ గెలిచాడు. గెలుస్తూనే ఉన్న జట్టు ఓడుతూ వచ్చిన జట్టు కంటే మంచి ఎంపిక చేసింది. ఏ నంబర్ దొరికిందన్నదాని కంటే ఎవరిని చూశామన్నదే అక్కడ తేడా చూపించింది.

సగటు లెక్కలు తీస్తే మొదటి ఎంపికలు పదిహేనో ఎంపికల కంటే మెరుగ్గానే ఆడతారన్నది అవతలివాళ్ల వాదన. అది నిజమే. విక్టర్ వెంబన్యామా లాంటివాడు నంబర్ వన్‌గానే వస్తాడు, అతన్ని కాదనే బుద్ధిమంతుడు ఎక్కడా ఉండడు. ఓక్లహోమా సిటీ కూడా రెండు సీజన్లు అడుగున ఉండి చెట్ హోమ్‌గ్రెన్‌ను రెండో స్థానంలో తెచ్చుకుంది. కానీ 2025లో టైటిల్ గెలిపించినవాళ్ల పేర్లు చదవండి. షేయ్ మార్పిడిలో వచ్చాడు. జేలెన్ విలియమ్స్ 12వ స్థానపు వాడు, ఆ ఎంపిక కూడా అదే మార్పిడి ఫలమే. లూ డోర్ట్‌ను డ్రాఫ్ట్‌లో ఏ జట్టూ తీసుకోలేదు. ఏరన్ విగిన్స్‌ది 55వ స్థానం.

2019 టొరంటో టైటిల్ జట్టులో కవాయ్ 15వ స్థానం, కైల్ లౌరీ 24, పాస్కల్ సియాకమ్ 27, డానీ గ్రీన్ 46, మార్క్ గసోల్ 48. ఫ్రెడ్ వాన్‌వ్లీట్‌ను ఎవరూ ఎంచుకోలేదు. 2017 నుంచి 2025 దాకా తొమ్మిది టైటిళ్లు చూస్తే, గెలిచిన ఏ జట్టులోనూ తాను స్వయంగా నంబర్ వన్‌గా ఎంచుకున్న ఆటగాడు లేడు. సగటు గురించి మాట్లాడేవాళ్లు ఈ వాక్యానికి జవాబు చెప్పాలి.

మరి ఎవరిని ఎంచుకోవాలి? డ్రాఫ్ట్ ముందు జరిగే కొలతల కార్యక్రమంలో చేతుల పొడవు, ఎగిరే ఎత్తు రాసుకుంటారు, ఒకప్పుడు ఎత్తే బరువు కూడా రాసుకునేవారు. 2007లో 185 పౌండ్ల బరువును ఒక్కసారైనా ఎత్తలేకపోయిన కుర్రాడు కెవిన్ డ్యురాంట్. 2013లో అందరికంటే ముందు ఎంపికైన ఆంథొనీ బెనెట్‌కు భుజబలం ఉంది, ఎగిరే శక్తి ఉంది. నాలుగు సీజన్లలో నాలుగు జట్లు తిరిగి లీగ్ వదిలాడు. అదే డ్రాఫ్ట్‌లోని యానిస్ గ్రీసు రెండో శ్రేణి లీగ్ నుంచి వచ్చిన సన్నటి కుర్రాడు. తొలి సీజన్‌లో అతని సగటు 6.8 పాయింట్లు. మిల్వాకీ ఓపిక పట్టి, మైదానంలో ఉంచి, పెంచుకుంది. సెర్బియాలోని సోంబోర్ నుంచి వచ్చిన యోకిచ్‌కు ఎగరడం రాదు, పరుగెత్తడం రాదు. అతని పేరు చదివే సమయానికి అమెరికన్ టీవీలో ప్రకటన నడుస్తోంది. బంతి ఎవరికి, ఎప్పుడు, ఎటు అందించాలో అతనికి తెలుసు, దాన్ని కొలిచే టేపు ఆ హాలులో లేదు. ఆటను చదివే కన్ను, మెళకువ, వేగాన్ని ఎప్పుడు పెంచాలో ఎప్పుడు తగ్గించాలో తెలిసిన నేర్పు అనే మూడూ పదో స్థానం తర్వాత కూడా పుష్కలంగా దొరుకుతున్నాయి. ఏడింటిలో ఆరు అంటే అర్థం అదే.

యోకిచ్‌ను తీసుకున్న డెన్వర్ కథలో మరో పాఠం కూడా ఉంది, దాన్ని ఎవరూ చెప్పరు. 2014లో ఆ జట్టు పదకొండో ఎంపికను షికాగోకు ఇచ్చి, 16, 19 స్థానాలు తీసుకుంది. పదహారులో యూసుఫ్ నుర్కిచ్ అనే మరో సెంటర్‌ను ఎంచుకుంది, యోకిచ్‌ను 41 దాకా ఆగి తీసుకుంది. అంటే అతను ఇంతటివాడవుతాడని డెన్వర్‌కు కూడా తెలియదు. తెలియనప్పుడు చేయాల్సింది ఎంపికల సంఖ్య పెంచుకోవడం, యూరప్ ఊళ్లలో మనుషుల్ని ఉంచి చూడటం, తీసుకున్నవాడికి ఏడాది రెండేళ్లు సమయమివ్వడం. డెన్వర్ ఆ పని చేసింది, 2023లో టైటిల్ గెలిచింది.

భారతీయ పాఠకుడికి 2015 గుర్తుండాలి. పంజాబ్‌లోని బల్లో కే గ్రామం నుంచి వచ్చిన సత్నామ్ సింగ్‌ను డాలస్ 52వ స్థానంలో ఎంచుకున్నప్పుడు ఇక్కడ పండగ చేసుకున్నారు. ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఎంపికైన తొలి భారతీయుడు అతనే. ఏడడుగుల రెండంగుళాల ఎత్తు చూసి తీసుకున్నారు, అతని ఆటను పెంచే శ్రద్ధ ఆ తర్వాత ఎంత పెట్టారో ఫలితమే చెబుతోంది. సత్నామ్ ఎన్‌బీఏ సీజన్ మ్యాచ్ ఒక్కటీ ఆడలేదు. ఎత్తును ఎంచుకుని ఆటగాణ్ని మరిచిపోయే జబ్బు మొదటి స్థానంలో ఉన్నట్టే 52వ స్థానంలోనూ ఉంది.

తప్పు జట్లది మాత్రమే కాదు. 2014లో లాటరీ సంస్కరణకు 23 ఓట్లు కావాల్సి ఉండగా 17 వచ్చాయి. ఎదురు నిలిచినవాళ్లలో ముందున్నది ఫిలడెల్ఫియా, ఓక్లహోమా సిటీ. 2017లో ఎట్టకేలకు అవకాశాల శాతం తగ్గించాలని నిర్ణయించారు కానీ సూత్రం మారలేదు, ఓడినవాడికే పెద్ద వాటా. 2018లో ‘ఓడిపోవడమే మనకు మంచిదని ఆటగాళ్లతో చెప్పాను’ అని బహిరంగంగా ఒప్పుకున్న అప్పటి డాలస్ యజమాని మార్క్ క్యూబన్‌కు లీగ్ 6 లక్షల డాలర్ల జరిమానా వేసింది. చెప్పినందుకు శిక్ష, చేసినందుకు లాటరీ టికెట్టు. ఇంతకంటే నీతి లేని నిబంధన ఏ ఆటలో ఉంది? లాటరీలోని పద్నాలుగు జట్లకూ సమాన అవకాశమిచ్చి, గెలుపోటములకూ డ్రాఫ్ట్ క్రమానికీ ఉన్న ముడిని పూర్తిగా తెంచేయాలి. బోస్టన్ జట్టు కార్యాలయం నుంచి మైక్ జారెన్ 2013లోనే ఎంపికల క్రమాన్ని ముప్ఫై ఏళ్ల చక్రంగా తిప్పుదామని ప్రతిపాదించాడు, దాన్ని అటకెక్కించారు.

ఆ ముడి తెగేదాకా ‘ఈ ఏడాది ఓడిపోదాం’ అని సలహా ఇచ్చే ప్రతి వ్యాఖ్యాతా తన వ్యాసం మొదటి పేరాలోనే ఏడింటిలో ఆరు అన్న లెక్క రాయాలి. రాశాక కూడా అదే సలహా ఇవ్వగలిగితే, సీజనంతా టికెట్లు కొన్న ప్రేక్షకుడికి ఆ డబ్బు ఎవరు వాపసు ఇస్తారో కూడా చెప్పాలి. శాక్రమెంటో అభిమానులు పదహారేళ్లు కొన్నారు. వాళ్లకు దోంచిచ్ రాలేదు, షేయ్ రాలేదు, కరీ రాలేదు. ఆ ముగ్గురూ వాళ్ల జట్టుకు అందుబాటులో ఉన్నవాళ్లే.