విశ్వాసం మందు మాన్పించరాదు

దేవుని నమ్మే మనిషి మానవతావాది కాగలడా? నీతికి మూలం దేవుడని విశ్వాసి అంటాడు. మనిషి సుఖదుఃఖాలే నీతికి కొలమానమని మానవతావాది అంటాడు. వీటిలో ఒకదానిని వదలక తప్పదని చాలామంది భావన. నేను క్రైస్తవ విశ్వాసిని. ప్రభుత్వ వైద్యునిగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని. ఆ భావనతో నేను ఏకీభవించను.

యేసు బోధనే పరిశీలించండి. యెరూషలేము నుండి యెరికోకు పోయే దారిలో దొంగల చేతిలో దెబ్బలు తిని ఒకడు పడి ఉన్నాడు. యాజకుడు, లేవీయుడు అతనిని చూసి కూడా తప్పుకొని వెళ్ళిపోయారు. గాయాలకు కట్టు కట్టి, సత్రానికి చేర్చి, ఖర్చు కూడా భరించినవాడు యూదులు దూరంగా ఉంచిన సమరయుడు. ఆ కథలో ఆదర్శంగా నిలిచినది మతాధికారం కాదు, కనికరం. పుట్టుగుడ్డివానిని చూపి ఇది ఎవరి పాపఫలమని శిష్యులు అడిగినప్పుడు, అతనిది గాని అతని తల్లిదండ్రులది గాని కాదని యేసు చెప్పాడు. రోగాన్ని పాపంతో ముడిపెట్టే నేటి బోధకులు ఈ సంగతిని మరువరాదు.

కుష్ఠురోగులను సమాజం వెలివేసిన కాలంలో, నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో వారికోసం 1915లో ఆసుపత్రి వెలసింది. దానికి కారకురాలు మిషనరీ వైద్యురాలు ఇసబెల్ కెర్. తరువాత వేలూరులో డాక్టర్ పాల్ బ్రాండ్, కుష్ఠురోగుల వేళ్ళు వాటంతట అవే కుళ్ళి రాలిపోవని, స్పర్శ లేనందున తగిలే గాయాల వల్లనే పాడవుతాయని గ్రహించాడు. వంకరపోయిన చేతులను శస్త్రచికిత్సతో తిరిగి పనిలోకి తెచ్చాడు. వీరిని రోగి చెంతకు నడిపింది విశ్వాసం. రోగికి మేలు చేసింది వైద్యశాస్త్రం. రెండింటికీ పేచీ రాలేదు.

అయితే నీతి విశ్వాసుల సొత్తు అనుకోవడం కూడా పొరపాటే. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రాన్ని స్థాపించిన గోరా, అస్పృశ్యతకు వ్యతిరేకంగా జీవితాంతం పోరాడారు. దేవుని నమ్మని ఆయన నీతి, నమ్మేవారి నీతికి ఏ విధంగానూ తీసిపోదు.

మరి విశ్వాసం ఎందుకని మీరు అడగవచ్చు. ఎవరూ చూడని చోట కూడా మంచి చేయడానికి, నిరాశలో కూడా నిలబడడానికి అది నాకు బలమిస్తుంది. కాని ఎదుటివాని ప్రాణంపై అది నాకు అధికారం ఇవ్వదు.

అందుకే ఒక మాట స్పష్టంగా చెబుతున్నాను. "ప్రార్థనతో నయమైంది, ఇక మందులు మానేయండి" అని ఎవరు చెప్పినా వినకండి. సాధారణ క్షయకు మందులు ఆరు నెలలు వాడాలి. మధ్యలో ఆపితే వ్యాధి తిరగబెట్టవచ్చు, ఆ మందులకు లొంగకుండా పోవచ్చు. మూర్ఛ మాత్రలు హఠాత్తుగా మానితే ఆగకుండా ఫిట్స్ వచ్చి ప్రాణాపాయం కలగవచ్చు. రోగికి హాని చేసే బోధ, ఏ గ్రంథం పేరుతో చెప్పినా, నీతి కాజాలదు.

హేతువాద మిత్రులకు కూడా ఒక మనవి. పడకపై ప్రార్థించుకునే రోగిని పరిహసించకండి. అతనికి ఆ ధైర్యం అవసరం.

ప్రార్థించండి. మాత్ర మాత్రం వేళకు వేసుకోండి.