బాకీదారుడే అమీనా!

2007 ఏప్రిలులో బ్రిటను అధ్యక్షతను ఐక్యరాజ్యసమితి భద్రతామండలి మొట్టమొదటిసారి వాతావరణ మార్పును చర్చించినది. నాటినుండి దొరతనములు ఈ విపత్తును దేశభద్రతకు ముప్పని పిలుచుట మరగినవి. ముప్పన్నచో సైన్యమును పెంచవచ్చును. అప్పన్నచో తీర్చవలెను గదా! 2020 నాటికి ఏటేట పదివేలకోట్ల డాలర్లు సమకూర్తుమని 2009లో కోపెన్‌హాగెనున మాటయిచ్చిన ధనికరాజ్యములు 2022కు గాని ఆ మొత్తమును చేర్పలేదు. సైన్యములు విడుచు పొగకు లెక్కచెప్పి తీరవలెనని 2015 నాటి పారిస్ ఒడంబడికయు నిర్బంధింపలేదు. బాకీదారుడే అమీనా వేషమున గుమ్మమెక్కినట్లున్నది!

ఈ విషయమును మండలి పరిధిలోనికి తెచ్చు తీర్మానము 2021 డిసెంబరులో రష్యా నిషేధాధికారముచే వీగినది. భారతదేశమును దానిని వ్యతిరేకించుట సబబే యందుము. మన బొగ్గుపొగకు మాత్ర మది మాఫీ కాదు. మునుగుచున్న ద్వీపములవారు మండలి తలుపు తట్టుచున్నమాట నిజము. వారి ఆర్తి మాకు తెలియును. మండలి చర్చ ముగియులోపలనే వారి కరకట్టలకు సొమ్ము చేరవలెను.