కార్డు కంటే ముందే ఖర్చు

మా పెద్దనాన్నకు కామెర్లని నెలంతా పసరు మందు పోయించాం. మేకలమ్మి స్కానింగ్ తీయిస్తే క్లోమగ్రంథి క్యాన్సర్ అన్నారు.

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణలో 2023 డిసెంబరులో 10 లక్షలు చేశారు. మంచిదే. ఆపరేషన్ ఆ కార్డుమీదే జరిగింది. కానీ కూలి మానుకుని పక్కనున్న పెద్దమ్మ తిండికి ఏ కార్డుంది?

ముఖ్యమంత్రి సహాయనిధికి ముందు ఖర్చుపెట్టి బిల్లులు తెమ్మంటారు. ఆ ముందు పెట్టేది వడ్డీకిచ్చేవాడే! నిమ్స్ వంటి చోట్ల వైద్యానికి ముందే ఎల్‌ఓసీ ఇస్తారని, వైద్యానికెళ్లే క్యాన్సర్ రోగికి రైల్లో స్లీపర్ పూర్తి ఉచితమని మాకు ఆలస్యంగా తెలిసింది. పీజీ చదివే నాకే తెలియకపోతే వేలిముద్ర వేసే పెద్దమ్మకెలా తెలుస్తుంది? జిల్లా ఆసుపత్రిలో ఇవన్నీ చెప్పి, ఫారాలు నింపిపెట్టే మనిషిని ప్రభుత్వం నియమించాలి. అప్పటిదాకా, తమ్ముళ్లూ, సెలవుల్లో ఊళ్లో ఆ పని మనమే చేద్దాం.