పొట్టు మన దగ్గరే ఉంది, పట్టుదలే కావాలి!

బీదర్ పౌరులారా! మంజీర నీళ్లు తాగే అన్నదమ్ములారా, అక్కచెల్లెళ్లారా!

మొన్న పెద్దవాన పడిన రాత్రి, ఊరి పొలిమేరలోని ఒక ప్లేటింగ్ షెడ్డు తొట్టి ఖాళీ అయింది. తెల్లారి వెళ్లి చూశాను. కాలువలన్నీ ఎర్రమట్టి నీళ్లతో పారుతుంటే, ఆ షెడ్డు వెనక కాలువ ఒక్కటే పసుపుపచ్చగా ఉంది. అంచున గడ్డి ఎప్పుడో మాడిపోయింది. పక్క చేను రైతు బర్రెను తాడు పట్టి వెనక్కి లాగుతూ, "ప్రతి వానకూ ఇదే తంతు బిడ్డా, వాన వాళ్లకు సాకు" అన్నాడు.

క్రోమియం తొట్టి నీళ్ల రంగు అది. క్యాన్సర్ తెచ్చే లోహం. చెత్త కుళ్లి మట్టిలో కలుస్తుంది, లోహం కుళ్లదు. వాననీళ్లలో పలచబడుతుందని షెడ్డు యజమానుల వాదన. పలచబడ్డా ఒక్క గ్రాము తగ్గదు, ఇంకా దూరం పోతుందంతే. మన ఎర్రరాయి నేల నీటిని లోపలికి పీలుస్తుంది. బహమనీల కాలంలో నౌబాద్‌లో సురంగ్ బావి అనే భూగర్భ కాలువ తవ్వింది ఆ గుణాన్ని నమ్ముకునే. నీటితో పాటు విషాన్నీ ఆ నేల పీలుస్తుంది. మిగిలింది మంజీరలో కలిసి సింగూరు జలాశయానికి చేరుతుంది. ఇది బీదర్ గొడవ ఒక్కటే కాదు.

చట్టం లేక కాదు. కాలువలోకి వదిలే నీళ్లలో లీటరుకు జింకు 5, రాగి 3 మిల్లీగ్రాములు దాటకూడదు. విషపు క్రోమియమైతే 0.1 మాత్రమే. ఈ అంకెలు కాగితం మీద భద్రంగా ఉన్నాయి.

"అందరి నీళ్లూ ఒకచోట చేర్చి పెద్ద ప్లాంటు కడతాం" అనే పెద్దమనుషులకు ఒకటే మాట: పటాన్‌చెరు చూసి రండి. అక్కడి నక్కవాగు కలిసేదీ మన మంజీరలోనే. 1994లో సామూహిక శుద్ధి కేంద్రం పెట్టారు. ఆ కేంద్రం శుద్ధి చేసి వదిలిన నీళ్లలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే ఒక్క యాంటీబయాటిక్ మందే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు బయటపెట్టారు. అన్నిటినీ కలగలిపేశాక ఏ విషం ఎవరిదో తేలదు, తీయడమూ చేతకాదు. లోహాన్ని పట్టాల్సింది షెడ్డు గడపలోనే, ఇంకో నీటిబొట్టు కలవకముందే!

పట్టే సరుకు మన పప్పుమిల్లుల్లోనే ఉంది. కందిపొట్టు, శనగపొట్టు! ఆ పీచు తనలోని కాల్షియాన్ని, హైడ్రోజన్‌ను వదిలి రాగినో జింకునో అంటిపెట్టుకుంటుంది. బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు 2005లోనే శనగపొట్టుతో క్రోమియం తీసి చూపారు. బాగా ఆమ్లంగా ఉన్న నీళ్లలో గ్రాము పొట్టు 90 మిల్లీగ్రాముల పైచిలుకు పట్టగలదని లెక్కగట్టారు. కందిపొట్టునూ పరీక్షించారు. మన షెడ్డులో అందులో నాలుగోవంతే పట్టిందనుకోండి. లీటరుకు 20 మిల్లీగ్రాములున్న వెయ్యి లీటర్లకు కిలో పొట్టు చాలు. కిలో పొట్టు!

ఖర్చు ఎక్కువట. పొట్టు ధర పశువులున్న ప్రతి ఇంటికీ తెలుసు, ఆ మాట ఇక్కడ చెల్లదు. ప్రయోగశాల ముచ్చటట. అయితే రెండు డ్రమ్ములు పెట్టి చూడండి, ఎవరు వద్దన్నారు? మందుల ఫ్యాక్టరీల ద్రావకాలకు పొట్టు మందు కాదు, వాటి శుద్ధి వాటికి ఉండాల్సిందే. ఆ సాకుతో లోహాన్ని వదిలేస్తామంటే ఊరుకోం.

మా డిమాండ్లు ఇవి:

1. లోహాలు కడిగే ప్రతి షెడ్డులో వరసగా రెండు పొట్టు డ్రమ్ములు ఉండాలి. నీటి ఆమ్లత్వం సరిచూసి, వాటి గుండా పోయాకే బయటికి వదలాలి.

2. కాలుష్య నియంత్రణ మండలి వాన పడిన రాత్రే నమూనాలు తీయాలి. అంకెలను గ్రామ పంచాయతీ గోడ మీద కన్నడం, తెలుగు, ఉర్దూ భాషల్లో రాయాలి.

3. లోహం పట్టిన పొట్టును కాల్చకూడదు, ఎరువుగా వేయకూడదు, పశువులకు పెట్టకూడదు. రాగి, జింకులనైతే పలచని ఆమ్లంతో రాబట్టాలి, లేదా ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపాలి.

4. చిన్న షెడ్లకు మొదటి డ్రమ్ములు ప్రభుత్వమే ఇవ్వాలి. ఆ తర్వాత కూడా దొంగచాటుగా వదిలితే కరెంటు కనెక్షన్ కోయాలి.

మన బిద్రీ పనివాడు 16 పాళ్ల జింకుకు ఒక పాలు రాగి కలిపి పోత పోస్తాడు. ఉలి కింద రాలిన పొడిని గుడ్డలోకి ఊడ్చుకుని మళ్లీ కరిగిస్తాడు. చిటికెడు పొడి విలువ తెలిసిన ఊరు ఇది. అదే లోహాన్ని తొట్లకొద్దీ కాలువలో పోస్తుంటే చూస్తూ కూర్చుందామా?

వచ్చే వానకు ముందే కదలండి. మీ వీధి కాలువ నీళ్లు గాజుసీసాలో పట్టి, తేదీ రాసి, జిల్లాధికారి కార్యాలయానికి తీసుకురండి. ప్రతి ఇంటి నుంచీ ఒక సీసా!